ముందు తుడువు

జూన్ నెల. చిత్తూరు బైపాసు పక్కన
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
బెంగళూర కాయల ట్రాక్టర్లు రెండు కిలోమీటర్లు.
డ్రైవర్లు టైర్ల నీడలో పడుకోనుండారు.

లాబ్‌లో కొత్తగా చేరిన హేమాద్రి
చుక్క రసం అద్దమ్మీద వేసి, కన్ను ఆనించి
"పదిహేడు మేడమ్" అంటాడు.
కాదు. ఆ లోడు పదిహేను దాటదు,
వాసనే చెప్తోంది.
"ముందు తుడిచినావా?" అంటాను.

ఆ మాట నాది కాదు.

ఐదేళ్ళ కిందట నెదర్లాండ్స్‌లో
రాత్రి పదింటికీ ఎండ కాసే ఊళ్ళో
ఆరునెలల ఇంటర్న్‌ని నేను.
పక్క బల్ల దగ్గర థావో, హనోయి పిల్ల,
వారం పని బుధవారానికే ముగించేది.
ఎదురుగా లూకా. తప్పు చేసినా నవ్వుతూ చేసేవాడు,
ఆ నవ్వడం కూడా నాకంటే బాగా వచ్చు వాడికి.
మీటింగులో నేను వాక్యాన్ని లోపల్లోపల పేర్చుకునేసరికి
మాట వేరే విషయంలోకి వెళ్ళిపోయేది.

రాత్రుళ్ళు లెక్క రాసుకునేదాన్ని.
థావో శాంపిళ్ళు నలభై, నావి పందొమ్మిది.
లూకా అడిగిన ప్రశ్నలు ఆరు,
నాది ఒకటే: టిష్యూలు అయిపోయాయి, ఎక్కడుంటాయి?
తిరుపతిలో అందుకున్న గోల్డ్ మెడల్
సూట్‌కేసు అడుగున, ఊరగాయ సీసా కింద
నూనె మరకతో పడి ఉండేది.

దామలచెరువు మండీలో కాయలేరే పిన్నమ్మ
ఫోన్లో అడిగింది:
"ఆడ ఏం చేస్తావే నువ్వు?"
"పండులో చక్కెర కొలుస్తా."
"నోట్లో ఏసుకుంటే తెల్లేదా?"

ఒకరోజు గోడౌన్‌లో నీలం డ్రమ్ము,
లేబుల్ మీద చిత్తూరు.
వీసాకని నేను మద్రాసు చుట్టూ మూడుసార్లు తిరిగితే
ఇది ముందే వచ్చి చలిలో తీరుబడిగా కూర్చునుంది.
చుట్టూ ఎవరూ లేరని చూసుకుని
"ఏమ్మే, ఎప్పుడొస్తివి?" అన్నాను.

ఆ గుజ్జే కొలిచాను. పదిహేడు.
మళ్ళీ కొలిస్తే పద్దెనిమిది.
థావోకి పద్నాలుగున్నర.
వారమంతా ఇదే.
మా నేల మీది కాయనే చదవడం రాని దాన్ని
ఇక్కడ ఎందుకున్నానని
తిరిగి వెళ్ళిపోతానంటూ ఉత్తరం టైపు చేసి
పంపకుండా దాచుకున్నాను.

హన్నెకె మా టెక్నీషియన్, అరవై దాటిన మనిషి,
మాటలు పొదుపు.
నా భుజం వెనక నిలబడి కాసేపు చూసి
"ముందు తుడిచావా?" అంది.
మెత్తటి కాగితం నా ముందుకు జరిపింది.
తుడిచి, ఒక చుక్క మంచినీళ్ళు వేసి,
సున్నాకి తెచ్చి,
అప్పుడు.

నాకు ముందు ఆ పరికరం వాడేది లూకా.
వాడిది ద్రాక్ష, చిక్కగా మరిగించిన రసం.
అద్దమ్మీద కంటికి కనపడనంత పల్చగా
వాడి తీపి ఉండిపోయేది.
దాంట్లోంచే వారం రోజులు
నా కాయని చూస్తున్నాను.

పద్నాలుగున్నర.

ఆ రోజుతో అంతా మారిపోలేదు.
థావో నలభై చేస్తూనే ఉంది.
నేను ఇరవైమూడు దాకా వచ్చాను.
మీటింగులో ఒకసారి నోరు తెరిచాను,
గొంతు వణికింది, ఎవరూ చావలేదు.
దాచుకున్న ఉత్తరం మాత్రం
చాన్నాళ్ళు చెరిపేయలేదు, ఎందుకో.

నిన్న ఫోన్లో థావో ఫోటో:
డాక్టరేటు టోపీ, చేతిలో పూలు.
లైకు కొట్టి ఫోను బోర్లా పెట్టాను.
లోపల ఎక్కడో జిగురు తగిలింది.
తుడుచుకున్నాను.
కొన్నిరోజులు రెండుసార్లు తుడవాలి.

హేమాద్రి కాగితం మడిచి అద్దం రుద్దాడు,
నీటిచుక్క వేశాడు, సున్నా చూశాడు,
మళ్ళీ రసం.
"పద్నాలుగు పాయింట్ రెండు." ఆగి,
"తక్కువా మేడమ్?"

"దేనికంటే?"

వాడు ఆలోచిస్తా ఉండాడు.
గేటు దగ్గర తర్వాతి ట్రాక్టరు
హారన్ మీద చెయ్యి తీయడం లేదు.